116–116 అయినా గెలిచారు: వాలీబాల్ లెక్క ఎలా నడుస్తుంది

(మండల స్థాయి వాలీబాల్ పోటీలకు ముందురోజు సాయంత్రం, స్కోరర్లుగా కూర్చోబోయే కుర్రాళ్లతోనూ కొందరు ఆటగాళ్లతోనూ ఒక రిటైర్డ్ పీడీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసుకున్నాం, మాట్లాడిన తీరు వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, మైకు ఇంతకంటే పెరగదట. ఫోన్లలో కాలిక్యులేటర్ తీయండి ఒకసారి. 2023లో చైనాలో, హాంగ్‌జౌలో ఆసియా క్రీడలు జరిగాయి కదా, అందులో మన మగవాళ్ల జట్టు దక్షిణ కొరియాను ఓడించింది. కొరియా అంటే ఆసియా క్రీడల్లో మూడుసార్లు బంగారు పతకం కొట్టిన జట్టు, మనం గెలుస్తామని ఎవరూ అనుకోలేదు. సెట్లు చెప్తాను, కొట్టుకోండి. మొదటిది 25–27, పోయింది. రెండోది 29–27, మనది. మూడోది 25–22, మనదే. నాలుగోది 20–25, పోయింది. ఐదోది 17–15, మనది. ఇప్పుడు మనవన్నీ కలపండి. ఎంతొచ్చింది? 116. కొరియావి కూడా కలపండి.

("అవీ 116 సార్" అని ఒక గొంతు.)

అవీ 116. పెళ్లిలో చదివించినట్టు రెండు జట్లకూ సమానంగా నూటపదహార్లే ముట్టాయి. కానీ ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. ఇదెలా అన్నది అర్థమైతే ఈ ఆట లెక్క మీకు సగం వచ్చేసినట్టే. ఇంకోటి కూడా చెప్తాను, కాలిక్యులేటర్ మూయకండి. 2012 లండన్ ఒలింపిక్స్, మగవాళ్ల ఫైనల్, బ్రెజిల్ మీద రష్యా. బ్రెజిల్ మొదటి రెండు సెట్లు 25–19, 25–20తో పట్టుకుపోయింది, మూడో సెట్‌లో మ్యాచ్ పాయింట్ దాకా వచ్చింది, ఇక పతకం మెడలో పడ్డట్టే. అప్పటికే రష్యా కోచ్ వ్లదిమిర్ అలెక్నో ఒక పని చేశాడు. నెట్ మధ్యలో నిలబడి అవతలివాళ్ల షాట్లను అడ్డుకునే బ్లాకర్‌గా ఆడే ముసెర్‌స్కీ అనే మనిషిని, 2.18 మీటర్ల ఎత్తుంటాడు, తీసి కుడిపక్క షాట్లు కొట్టడానికి పెట్టాడు. మూడో సెట్ రష్యాకి 29–27, నాలుగోది 25–22, ఐదోది 15–9. ముసెర్‌స్కీ ఒక్కడే 31 పాయింట్లు. బంగారం రష్యాది. కలిపి చూస్తే 108, 108. మళ్లీ సమానం!

అంటే ఏంటి? వాలీబాల్‌లో సెట్ అయిపోగానే ఆ పాయింట్ల ఖాతా మూసేస్తారు. తర్వాతి సెట్ సున్నా సున్నాతో మొదలు. మొదటి సెట్ మీరు 25–8తో గెలిచినా, 32–30తో గెలిచినా మీ పక్కన పడేది ఒకటే, ఒక సెట్. ఆ మిగిలిన పదిహేడు పాయింట్ల ఆధిక్యం రెండో సెట్‌కి పనికిరాదు. ఇంకా ఘోరమైన లెక్క చూడండి, నేను ఊరికే వేసినది, నిజం మ్యాచ్ కాదు: 25–23, 25–23, 10–25, 10–25, 15–13. గెలిచిన జట్టుకి మొత్తం 85. ఓడిన జట్టుకి 109. ఇరవై నాలుగు పాయింట్లు ఎక్కువ తెచ్చుకుని ఇంటికెళ్లిపోవాలి. అన్యాయం అంటారా? నాకైతే ఈ ఆటలో నచ్చేదే అది. ఎన్ని కొట్టావన్నది కాదు, ఎప్పుడు కొట్టావన్నది.

సరే, అసలు నియమం చెప్పేస్తా, ఇది చాలామందికి తెలిసిందే. ఐదు సెట్ల మ్యాచ్, మూడు ఎవరు ముందు గెలిస్తే వాళ్లది. మొదటి నాలుగూ 25కి, ఐదో సెట్ 15కి. ప్రతిదాంట్లోనూ కనీసం రెండు పాయింట్ల తేడా ఉండాలి. 24–24 అయితే డ్యూస్, 26–24, 27–25, అలా ఎక్కడిదాకా అయినా వెళ్తుంది, పైన క్యాప్, అంటే ఇక్కడితో ఆపాలన్న హద్దు, లేదు. సెట్‌కీ సెట్‌కీ మధ్య మూడు నిమిషాలు. ఐదో సెట్‌కి మళ్లీ టాస్ వేస్తారు, ఎవరైనా 8కి రాగానే కోర్టులు మారతారు, ఎందుకంటే ఒక పక్క ఎండో గాలో ఉంటే ఆఖరి సెట్ అంతా ఒకళ్లే మొయ్యకూడదు. బీచ్ వాలీబాల్‌లో ఇంకా నయం, అక్కడ సెట్లు 21కి, మూడోది 15కి, రెండు జట్ల పాయింట్లు కలిపి ఏడు అయినప్పుడల్లా పక్కలు మారిపోతారు, మూడో సెట్‌లో ఐదుకే. సముద్రం గాలి అలాంటిది.

ఇంకో సంగతి. ఇందులో గడియారం లేదు. కబడ్డీలో నాలుగు పాయింట్లు ముందున్న జట్టు ఆఖరి నిమిషంలో ఏం చేస్తుంది? ఖాళీ రెయిడ్లు చేస్తుంది, గీత దాటి బోనస్ కోసం కూడా చూడకుండా ముప్పై సెకన్లు గడిపి వెనక్కొస్తుంది, విజిల్ పడితే గెలిచినట్టే. వాలీబాల్‌లో ఆ వీలు లేదు. 24–10 మీద ఉన్నా ఆ 25వ పాయింట్ ఎవడో ఒకడు కొట్టాలి, లేదా అవతలివాడు తప్పు చెయ్యాలి. అది వచ్చేదాకా సెట్ నీది కాదు. 24–10 నుంచి 24–18 దాకా వచ్చి చెమటలు పట్టిన జట్లను నేను చాలానే చూశాను. ఒక్క పాయింట్ వస్తే చాలు అన్న టెన్షన్‌లో ఆ ఒక్కటే రాదు.

ఇప్పుడు పాయింట్ ఎలా వస్తుందో చూద్దాం. సర్వీస్ వేసిన దగ్గర్నుంచి బంతి ఆగేదాకా సాగే ఆటని ర్యాలీ అంటాం. సర్వీస్ ఎవరిదైనా సరే, ర్యాలీ ఎవరు గెలిస్తే వాళ్లకి ఒక పాయింట్. ఇది ఇప్పటి పద్ధతి. మీ నాన్నల కాలంలో ఇలా లేదు. అప్పుడు సర్వీస్ ఉన్న జట్టుకే పాయింట్. అవతలివాళ్లు ర్యాలీ గెలిస్తే వాళ్లకి సర్వీస్ మాత్రమే వచ్చేది, స్కోరు కదిలేది కాదు. సెట్ 15కి. సర్వీస్ అటు, సర్వీస్ ఇటు, అరగంట ఆడినా బోర్డు మీద 6–5. మ్యాచ్ గంటలో అయిపోతుందో మూడు గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు, టీవీవాళ్లకి అది పెద్ద తలనొప్పి. 1988 తర్వాత ఐదో సెట్ ఒక్కదానికి ర్యాలీ పాయింట్ తెచ్చారు. మొత్తం మ్యాచ్‌కి అదే పెట్టి సెట్‌ని 25కి చేయాలని 1998లో అంతర్జాతీయ సమాఖ్య తీర్మానించింది. ఒలింపిక్స్‌లో 2000 సిడ్నీలో మొదటిసారి ఇలా ఆడారు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో మన జట్టు కంచు పతకం తెచ్చింది, జిమ్మీ జార్జ్ ఉన్న జట్టు, మన పి.వి. రమణ గారు కూడా అందులో ఉన్నారు, అదే, సింధు వాళ్ల నాన్నగారు. వాళ్లు ఆడినదంతా ఆ పాత లెక్కే. ఇంకా వెనక్కి, 1895లో అమెరికాలోని హోల్యోక్ అనే ఊళ్లో వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గాన్ ఈ ఆట మొదలుపెట్టినప్పుడైతే తొమ్మిది ఇన్నింగ్స్ ఉండేవి, బేస్‌బాల్‌లో లాగా. అది వదిలేద్దాం.

పాత లెక్క బాగుండేదని ఇప్పటికీ వాదించే పెద్దవాళ్లు ఉన్నారు. పడిపోయిన జట్టు లేచి రావడానికి అందులో ఎక్కువ వీలుండేదంటారు. ఉండేదేమో గానీ, రేపు పన్నెండు జట్లతో రెండు కోర్టుల మీద పొద్దుగూకేలోపు పోటీలు పూర్తి చేయాలంటే ఆ లెక్కతో మనవల్ల కాదు.

డ్యూస్ దగ్గర ఒక చిన్న కిటుకు ఉంది, ఆటగాళ్లు వినండి ఇది. రెండు పాయింట్ల తేడా కావాలి కదా. వరసగా రెండు ర్యాలీలు గెలవాలి. సర్వీస్ అవతలివాళ్లది అనుకోండి, మొదటి ర్యాలీ గెలిచారు, పాయింటూ వచ్చింది, సర్వీసూ వచ్చింది. రెండోది ఇప్పుడు మీ సర్వీస్ మీద గెలవాలి. సర్వీస్ మొదట్నుంచీ మీదే అయితే రెండూ మీ సర్వీస్ మీదే గెలవాలి. ఎటు తిప్పినా, డ్యూస్‌లో సెట్ ముగించేది మీ సర్వీస్ మీద గెలిచిన ర్యాలీయే. అందులో కష్టం ఏంటంటే, మంచి ఆటలో సర్వీస్ అందుకునే జట్టుకే ర్యాలీ గెలిచే అవకాశం ఎక్కువ, ఎందుకంటే మొదటి షాట్ కొట్టేది వాళ్లు. పాస్, లిఫ్ట్, షాట్. మీరు సర్వీస్ వేసి బ్లాక్‌కి, డిఫెన్స్‌కి నిలబడాలి. అందుకే డ్యూసులు 29, 30 దాకా సాగుతాయి. మన హాంగ్‌జౌ మ్యాచ్‌లో మొదటి రెండు సెట్లూ అలాంటివే, చూడండి, 25–27, 29–27.

దీంట్లోంచి ఇంకో లెక్క. మీరు 24–23తో ముందున్నారు, సర్వీస్ మీది. గట్టిగా కొట్టాలా, మెల్లగా లోపల వేయాలా? మన కుర్రాళ్లలో ఎక్కువమంది భయంతో మెల్లగా వేస్తారు. కానీ సర్వీస్ నెట్‌లో పడినా ఏమవుతుంది? 24–24. సెట్ పోదు. అదే 23–24తో వెనకున్నప్పుడు సర్వీస్ బయటికి పోతే సెట్ అక్కడికక్కడే అయిపోయింది. కాబట్టి ముందున్నప్పుడు గట్టిగా కొట్టొచ్చు, వెనకున్నప్పుడు ఆలోచించి కొట్టాలి. మనవాళ్లు సరిగ్గా దీనికి ఉల్టా చేస్తారు. ముందుంటే జాగ్రత్త, వెనకుంటే "పోతే పోయింది" అని ఒక్క ఊపు!

(నవ్వులు.)

నవ్వకండి, ఇక్కడే కూర్చున్నారు ఇద్దరు ముగ్గురు.

ఇప్పుడు స్కోరర్ల పని. నిజానికి ఈ మీటింగ్ పెట్టిందే దీనికోసం. స్కోర్ బోర్డు మీద అంకెలు మార్చడం చిన్నపిల్లలు కూడా చేస్తారు. స్కోర్ షీట్ వేరు. స్కోరర్ కాపలా కాసేది ముఖ్యంగా సర్వీస్ వరసని. కోర్టులో ఆరుగురు. వెనక కుడి మూల 1, అక్కడివాడే సర్వీస్ వేస్తాడు. వాడి ముందు నెట్ దగ్గర 2, నెట్ మధ్యలో 3, నెట్ ఎడమ 4, వెనక ఎడమ 5, వెనక మధ్య 6. అవతలివాళ్ల సర్వీస్ మీద మీరు ర్యాలీ గెలిచి సర్వీస్ తెచ్చుకున్నప్పుడే తిరగాలి, గడియారం ముల్లు తిరిగే వైపు, ఒక్క స్థానం. 2లో ఉన్నవాడు 1లోకి వచ్చి సర్వీస్ వేస్తాడు. మీ సర్వీస్ మీద మీరే గెలుస్తూ పోతే తిరగక్కర్లేదు, అదే మనిషి వేస్తూ ఉంటాడు. ప్రతి సెట్‌కి ముందు కోచ్ ఒక చీటీ ఇస్తాడు, ఆరు స్థానాల్లో ఆరు జెర్సీ నంబర్లు. ఆ చీటీ మీ చేతికొచ్చాక అదే చట్టం. కోచ్ వచ్చి "ఇలా కాదు అలా అనుకున్నా" అంటే వినకండి.

షీట్ ఇలా నింపాలి. ఈ పక్క ‘ఎ’ జట్టు, సర్వీస్ వాళ్లది, 1లో ఉన్నది 7వ నంబర్ జెర్సీ. ఆ పక్క బి జట్టు. బి జట్టు 1వ గడిలో మొదటి పెట్టెలో ఇంటూ గుర్తు పెట్టేయండి, ఎందుకంటే వాళ్లు సర్వీస్ తెచ్చుకోగానే తిరుగుతారు, వాళ్ల 2లో ఉన్నవాడు మొదటగా వేస్తాడు. 7వ నంబర్ కుర్రాడు సర్వీస్ వేస్తున్నాడు, మూడు ర్యాలీలు వరసగా వచ్చాయి. పాయింట్ల వరసలో 1, 2, 3 మీద ఒక్కో గీత. నాలుగో సర్వీస్ నెట్‌లో పడింది. బి జట్టుకి 1 మీద గీత. ఇప్పుడు ‘ఎ’ జట్టులో 7వ నంబర్ కింద పెట్టెలో 3 అని రాయాలి, అంటే వాడి సర్వీస్ పోయేసరికి వాళ్ల స్కోరు 3. తర్వాత బి జట్టువాడు వేశాడు, షాట్ బయటికి కొట్టుకున్నారు. ‘ఎ’ జట్టుకి 4. బి జట్టువాడి పెట్టెలో 1. ‘ఎ’ జట్టు తిరిగింది, రెండోవాడు వస్తాడు. అర్థమైందా? ఒక జట్టు సర్వీస్ పోయిన ప్రతిసారీ, వాళ్ల పెట్టెలో ఆఖరున రాసిన అంకె, పైన వాళ్లకి గీత కొట్టిన ఆఖరి అంకె పొంతన కుదరాలి. కుదరలేదంటే ఎక్కడో ఒక ర్యాలీ మిస్సయ్యారు, అప్పుడే అంపైర్‌కి చెప్పండి, పది పాయింట్ల తర్వాత కాదు.

("తప్పు మనిషి సర్వీస్ వేసి పాయింట్లు కూడా వచ్చేశాక తెలిస్తే ఏం చేయాలి సార్?")

మంచి ప్రశ్న, కూర్చోమ్మా. స్కోరర్ విలువ తెలిసేది అక్కడే. మూడోవాడు వేయాల్సింది నాలుగోవాడు వేశాడు, మూడు పాయింట్లు కూడా వచ్చాయి, అప్పుడు మీరు గమనించారు. షీట్ చూసి తప్పు ఎక్కడ మొదలైందో చెప్పగలిగితే, అప్పట్నుంచి ఆ జట్టుకి వచ్చిన మూడూ కొట్టేస్తారు. అవతలి జట్టు పాయింట్లు అలాగే ఉంటాయి, పైగా వాళ్లకి ఒక పాయింటు, సర్వీస్ కూడా. ఎక్కడ మొదలైందో మీ షీట్ చెప్పలేకపోతే ఆ మూడు పాయింట్లు తీయలేరు, ఒక్క పాయింటూ సర్వీసూ మాత్రమే అవతలివాళ్లకి వెళ్తాయి. అంటే మీరు గడిలో రాయని ఒక అంకె వల్ల సెట్ తారుమారు కావచ్చు.

నిలబడే చోటు గురించి కూడా ఒక మాట. 2025 నుంచి వచ్చిన కొత్త నియమాల్లో సర్వీస్ వేసే జట్టు, బంతి కొట్టే క్షణంలో కోర్టులో ఎక్కడైనా నిలబడొచ్చు. అందుకునే జట్టు మాత్రం వరసలోనే ఉండాలి. సర్వీస్ వరస మాత్రం ఇద్దరికీ తప్పదు. దీని మీద రేపు గొడవ పడేవాళ్లు ఉంటారు, ముందే చెప్తున్నా.

ర్యాలీ ఆడకుండానే పాయింట్ వచ్చే సందర్భం ఒకటుంది, ఎర్ర కార్డు. నోరు పారేసుకుంటే ముందు పసుపు, అది హెచ్చరిక, పాయింట్ పోదు. ఎర్ర కార్డు చూపిస్తే అవతలి జట్టుకి ఒక పాయింట్, సర్వీస్. అలా వచ్చిన పాయింట్‌ని షీట్‌లో గీతతో పాటు చుట్టూ సున్నా చుట్టి చూపించాలి. టైమవుట్లు సెట్‌కి రెండు, ఒక్కోటి 30 సెకన్లు. మార్పులు సెట్‌కి ఆరు. లిబెరో రాకపోకలు ఇందులోకి రావు, వేరే రంగు జెర్సీ వేసుకున్న ఆ వెనక ఆటగాడు ఎన్నిసార్లయినా మారొచ్చు. కానీ బ్లాక్ చేయకూడదు, నెట్ ఎత్తుకి పైన ఉన్న బంతిని షాట్ కొట్టకూడదు.

మన పోటీల సంగతి. రేపు పొద్దున లీగ్ మ్యాచ్‌లు మూడు సెట్లవి, రెండు గెలిస్తే చాలు. 25, 25, మూడోది 15. క్యాప్ లేదు. ఇది ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే, ఒక ఊళ్లో, పేరెందుకులెండి, సంక్రాంతి పోటీలకు అంపైరింగ్‌కి వెళ్లాను. సెట్ 21కే అన్నారు, సరే. 20–20 అయ్యింది. కమిటీ ఆయన ఒకాయన కుర్చీలోంచి లేచి "21కి క్యాప్, ఇప్పుడు ఎవరు కొడితే వాళ్లదే" అన్నాడు. ఒక జట్టుకి ముందే తెలుసు, ఇంకో జట్టుకి తెలియదు. తర్వాత జరిగింది మీరు ఊహించుకోవచ్చు, నెట్ కూడా మిగల్లేదు. క్యాప్ పెట్టుకోవడం తప్పు కాదు, టైం లేనప్పుడు పెట్టుకోవాల్సిందే. 2022లో గచ్చిబౌలిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ ఆడినప్పుడు సెట్లు 15కే పెట్టారు, 14–14 అయితే తర్వాతి పాయింట్‌తోనే సెట్ ముగింపు. సర్వీస్ నేరుగా పాయింటైతే రెండు. సూపర్ పాయింట్ అని అడిగితే ఆ ర్యాలీ గెలిచినవాళ్లకి రెండు. లీగ్ దశలో మూడు సెట్లు ఒకరే గెలిచేసినా మిగతా రెండూ ఆడించారు, అందుకే మన హైదరాబాద్ బ్లాక్ హాక్స్ మ్యాచ్‌లకి 4–1 అని కూడా స్కోర్లు కనిపించాయి. టీవీకి అది బాగానే ఉంది. నాకు ఆ రెండు పాయింట్ల సంగతి అంతగా ఎక్కలేదు, కానీ నియమం ముందే రాసి పెట్టారు, అందరికీ తెలుసు, కాబట్టి గొడవ లేదు. రేపు మన కోర్టు దగ్గర కూడా బోర్డు మీద సున్నంతో రాయించాను, చదువుకోండి.

("మూడు జట్లు తలో మ్యాచ్ గెలిచి సమానం అయితే ఎవరు వెళ్తారు సార్?")

ఇందాక ఖాతా మూసేస్తారన్నాను కదా, ఆ మూసిన ఖాతా తెరవాల్సిన చోటు ఇదొక్కటే. అంతర్జాతీయ పోటీల్లో గ్రూపు దశలో ఐదు సెట్ల మ్యాచ్‌ని 3–0, 3–1తో గెలిస్తే మూడు లీగ్ పాయింట్లు, ఓడినవాళ్లకి సున్నా. 3–2 అయితే గెలిచినవాళ్లకి రెండు, ఓడినవాళ్లకి ఒకటి. ముందు ఎన్ని గెలిచారో చూస్తారు, అది సమానమైతే ఈ లీగ్ పాయింట్లు, అదీ సమానమైతే గెలిచిన సెట్లను ఓడిన సెట్లతో భాగిస్తారు, అప్పటికీ తేలకపోతే మొత్తం సాధించిన పాయింట్లను ఇచ్చుకున్న పాయింట్లతో భాగిస్తారు. అంటే నాలుగో సెట్‌లో 10–20తో వెనకబడి "ఇది ఎలాగూ పోయింది, ఐదో సెట్‌కి దాచుకుందాం" అని వదిలేస్తే, ఆ పాయింట్లు రెండు రోజుల తర్వాత గ్రూపు పట్టికలో అడ్డం రావచ్చు. మన కొరియా మ్యాచ్ ఒక్కదాన్నే తీసుకుంటే ఆ భాగహారం సరిగ్గా ఒకటి.

రేపు మనకి మూడు సెట్ల మ్యాచ్‌లు కాబట్టి గెలిస్తే రెండు, ఓడితే సున్నా. సమానమైతే ముందు సెట్ల భాగహారం, తర్వాత పాయింట్లది. టాస్ వేసి పైకి పంపించడం ఉండదు. అందుకే ప్రతి మ్యాచ్ అయ్యాక షీట్ అడుగున మొత్తం పాయింట్లు కూడి రాసి, ఇద్దరు కెప్టెన్ల సంతకాలు తీసుకున్నాకే లేవండి. సంతకం పెట్టకుండా వెళ్లిపోయిన కెప్టెన్ వెనక పరిగెత్తే పని నాది కాదు.

ఇంకెవరైనా అడుగుతారా? లేదా? అయితే షీట్లు పంచండి, ఇద్దరికి ఒకటి. నేను ర్యాలీలు నోటితో చెప్తుంటా, మీరు నింపండి, ఒక సెట్ పూర్తిగా. బ్లూ పెన్నే వాడండి, పెన్సిల్ వద్దు. ‘ఎ’ జట్టు సర్వీస్, 7వ నంబర్... రాయండి.